నాన్న డాలస్ వెళ్లి నలభై రోజులే అయింది, తిరిగి వచ్చేస్తానంటున్నారు

మల్లెపందిరి (మల్కాజిగిరి), నవంబరు 8, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీరు రాసేవి చదవడమే గానీ నేనెప్పుడూ ఏమీ రాయలేదు. ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా నాన్నగారికి 71 ఏళ్లు. దక్షిణ మధ్య రైల్వేలో చేసి రిటైరయ్యారు. అమ్మ పోయి ఈ మార్గశిరానికి రెండేళ్లు. ఆయన్ని ఒంటరిగా ఉంచడం ఇష్టం లేక అన్నయ్య గ్రీన్‌కార్డుకి వేశాడు. అన్నయ్య అమెరికా పౌరుడు, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. ముంబై ఇంటర్వ్యూకి, మెడికల్‌కి నాన్నని నేనే తీసుకెళ్లాను. సెప్టెంబరు నెలాఖరున దుబాయ్ మీదుగా వెళ్లారు.

మొదటి వారం హుషారుగానే ఉన్నారు. రెండో వారం నుంచి ఫోన్లో మాటలు తగ్గాయి. మూడో వారం నుంచి ఒకటే మాట, "అమ్మలూ, నేను వచ్చేస్తాను." మాకు పొద్దున్న ఏడున్నరైతే అక్కడ రాత్రి ఎనిమిది. అందరూ భోజనాలకి కూర్చునే వేళ ఆయన గరాజ్‌లోకి వెళ్లి నాకు ఫోన్ చేస్తారు, అన్నయ్య వినకూడదని. నిన్న ఏడ్చారు. అమ్మ పోయిన రోజు తప్ప ఆయన కంట నీరు నేను చూడలేదు.

అన్నయ్యకి చెబితే ముందు బాధపడ్డాడు, తర్వాత కోపం వచ్చింది. "కింద గది ఇచ్చాను, తెలుగు చానెళ్లు పెట్టించాను, శనివారం శనివారం గుడికి తీసుకెళ్తున్నాను, ఇంకేం చెయ్యాలి? 2016లో అమ్మతో వచ్చినప్పుడు ఆరు నెలలు హాయిగా ఉన్నారుగా" అంటాడు. వదిన మంచిది, ఆవిడ వైపు నుంచి ఏ లోటూ లేదు. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే మొదట అందరూ కోడలినే అడుగుతారు.

ఇప్పుడు వచ్చేస్తే గ్రీన్‌కార్డు పోతుందా? పోతే పోనీ అనుకోవాలా? లేక ఇది కొన్నాళ్లకి సర్దుకుంటుందా, కాస్త ఓపిక పట్టమని నాన్నకి నేనే చెప్పాలా? నేనేం చెబితే అది వింటారు. భయం కూడా అందుకే.

తూర్పుతీరం (ఎడిసన్, న్యూజెర్సీ), నవంబరు 8, రాత్రి 11:55

అమ్మా, తొందరపడి టికెట్ కొనకండి. మా అమ్మ కూడా రెండు నెలలు ఇలాగే గోల పెట్టింది. మూడో నెలలో మా వీధి చివర ఒక గుంటూరావిడ పరిచయమైంది. ఇద్దరూ పొద్దున్నే నడకకి వెళ్లడం మొదలుపెట్టారు. తర్వాత నేనే పంపిస్తానన్నా వెళ్లలేదు.

మీ అన్నయ్య వైపు కూడా చూడండి. ఆ పోషణ పూచీ కాగితం, ఐ-864, మీద సంతకం పెట్టడం చిన్న సంగతి కాదు. తండ్రి ఒక్కడే ఉన్నాడన్న దిగులుతో అతను రాత్రుళ్లు ఎలా గడిపాడో నాకు తెలుసు, నేనూ అలాగే గడిపాను. హైదరాబాద్ నుంచి అర్ధరాత్రి ఫోన్ మోగితే గుండె ఆగినంత పనవుతుంది. ఆయన కళ్ల ముందు ఉన్నారన్న ధైర్యం నలభై రోజుల్లో పోతోందంటే కోపం రాదా మరి?

హన్మకొండ కోడలు (ఉప్పల్), నవంబరు 9, ఉదయం 6:20

అక్కా, మా అత్తమ్మది గిదే కథ. మూడేండ్ల కింద చికాగోల మా బావ దగ్గరికి పోయింది. ఇల్లు మంచిగుంది, తిండి మంచిగుంది, మనుమలు మంచిగున్నరు. కానీ మాట్లాడెటోళ్లు లేరు. మనుమలు ఇంగ్లీషుల మాట్లాడ్తరు, ఈమెకు రాదు. పొద్దంత కిటికీ కాడ కూసునేదట. ఫోన్ల "బిడ్డా, ఈడ కుక్కలు సుత మొరుగుతలేవు" అన్నది. ఆ ఒక్క మాటకు మా ఆయన టికెట్ చేసిండు.

ఈడికొచ్చినంక వారం దినాల్ల మనిషి లేసి కూసుంది. ఇప్పుడు ఉప్పల్ల మాతోనే ఉంటది. గ్రీన్‌కార్డు ఏమైందో నాకు ఎరుక లేదు, పోయిందనుకుంట. ఎవ్వరం బాధ పడలే.

కాగితాల మనిషి (ఇర్వింగ్, టెక్సాస్), నవంబరు 9, ఉదయం 8:05

నేను లాయర్ని కాను. మా అమ్మానాన్నల విషయంలో ఇదంతా రెండుసార్లు నడిపాను. టికెట్ కొనే ముందు మీ అన్నయ్యని ఒక ఇమిగ్రేషన్ లాయరుతో అరగంట మాట్లాడమనండి.

వచ్చేస్తే ఆ రోజే కార్డు పోదు. ఆరు నెలలు దాటి బయట ఉంటే తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో గట్టిగా అడుగుతారు. ఏడాది దాటితే ఆ కార్డు చూపించి రావడం కుదరదు. అలాగని ఆరు నెలలకోసారి ముఖం చూపించి వెళితే చాలనుకోవడం కూడా తప్పే. ఆయన అసలు కాపురం ఎక్కడ అన్నదే వాళ్లు చూస్తారు.

మీకు పనికొచ్చేది రీఎంట్రీ పర్మిట్, అంటే ఎక్కువ కాలం బయట ఉండి మళ్లీ రావడానికి ముందే తీసుకునే అనుమతి. ఫారం ఐ-131. దరఖాస్తు చేసే రోజుకి నాన్నగారు అమెరికా గడ్డ మీదే ఉండాలి. హైదరాబాద్ వచ్చేశాక అక్కడి నుంచి వేయడం కుదరదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. వేశాక కొన్ని వారాలకి వేలిముద్రలకి పిలుపు వస్తుంది, అదీ ముగించుకుని బయల్దేరడం క్షేమం. పర్మిట్ మామూలుగా రెండేళ్లకిస్తారు. ఆ రెండేళ్లలో ఎక్కువ కాలం బయట ఉన్నారన్న ఒక్క కారణంతో కార్డు వదిలేసినట్టు లెక్కగట్టరు. దాన్ని హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌కి పంపించుకోవచ్చు, లేదా మీ అన్నయ్య ఇంటికి వస్తే ఆయన కొరియర్ చేయొచ్చు.

అసలు వద్దే వద్దు అనుకుంటే ఫారం ఐ-407 ఉంది, కార్డు మనంతట మనం తిరిగి ఇచ్చేయడం. దాంతో మీ అన్నయ్య పూచీ కూడా తీరిపోతుంది. తర్వాత విజిటర్ వీసాకి వేసుకోవచ్చు. ఇస్తారా లేదా అన్నది వాళ్ల చేతిలో ఉంటుంది. కొన్నేళ్లకి మనసు మారితే అన్నయ్య మళ్లీ మొదటి నుంచి పిటిషన్ వేయవచ్చు కూడా.

ఎవరూ ముందు చెప్పని సంగతి ఇంకొకటి. కార్డు చేతిలో ఉన్నంతకాలం ఆయన హైదరాబాద్‌లో కూర్చున్నా అమెరికా పన్ను లెక్కల్లో ఉంటారు. పెన్షన్, ఎఫ్‌డీ వడ్డీ, ఇంటి అద్దె అన్నీ చూపించాలి. ఇండియాలోని బ్యాంకు ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ వివరం వేరే ఫారంలో ఇవ్వాలి.

చివరగా ఒక్క మాట. ఆయనకి ఆరోగ్య బీమా ఏది? పెద్దవాళ్లకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే బీమా మెడికేర్‌కి 65 దాటితే చాలదు, గ్రీన్‌కార్డు మీద ఐదేళ్లు అమెరికాలోనే నివాసం ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్లు మార్కెట్‌ప్లేస్‌లో (బీమా ప్లాన్లు కొనుక్కునే ప్రభుత్వ వేదిక) ప్లాన్ కొనుక్కోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది. మీరు చెప్పిన లెక్కన నలభై అయిపోయాయి. మిగతావన్నీ తర్వాత, ముందు ఇది చూడమనండి.

పాత రామంతాపూర్, నవంబరు 9, ఉదయం 9:10

ఒకటే ప్రశ్న. నాన్నగారు వస్తే దిగడానికి ఇల్లు ఉందా?

మల్లెపందిరి, నవంబరు 9, మధ్యాహ్నం 1:30

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని భయపడుతూనే ఉన్నాను.

ఇల్లు ఉంది, సఫిల్‌గూడ చెరువుకి నడిచి వెళ్లేంత దూరంలో. నాన్న సర్వీసులో ఉండగా లోను పెట్టి కట్టుకున్నారు. పైవాటా ఎప్పటినుంచో అద్దెకే ఉంది. నాన్న వెళ్లిన వారానికి కింది వాటా కూడా ఇచ్చేశాం. ఖాళీగా ఉంటే పాడవుతుందని అన్నయ్య అన్నాడు, నేనూ సరేనన్నాను. సామాను చాలావరకు తీసేశాం. అమ్మ బీరువా, దేవుడి మందసం, కుట్టుమిషను మా ఇంటికి తెచ్చుకున్నాను. నాన్న కుర్చీ పైవాళ్లు అడిగితే ఇచ్చేశాను.

నాన్నకి ఇదంతా ఫోన్లో చెప్పాం. "సరే, మంచి పని చేశారు" అన్నారు. తేదీలు చూసుకుంటే, ఆయన మాటలు తగ్గింది ఆ రోజు నుంచే. మీరు అడిగేదాకా ఈ రెండూ కలిపి చూసుకోలేదు నేను.

కాగితాల మనిషి గారూ, బీమా సంగతి అన్నయ్యకి ఇప్పుడే పంపాను. తను విజిటర్ బీమా లాంటిదేదో తీసుకున్నాడట. ఇవాళే మార్కెట్‌ప్లేస్ చూస్తానన్నాడు.

లెక్కల మాస్టారు (వనస్థలిపురం), నవంబరు 9, సాయంత్రం 5:45

అమ్మాయీ, నా వయసు 74. అట్లాంటాలో మా అబ్బాయి దగ్గర గ్రీన్‌కార్డు మీద ఐదు నెలలుండి తిరిగి వచ్చినవాణ్ణి. మీ నాన్నగారు చెప్పలేకపోతున్నది నేను చెప్పడానికి ప్రయత్నిస్తాను, కాస్త పెద్దదవుతుంది.

నాకు తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వస్తుంది. ఇక్కడైతే లేచి కాఫీ కలుపుకుంటాను, మోటారు వేస్తాను, పాలవాడు వస్తాడు, వాడితో రెండు మాటలు. అక్కడ మూడో రోజు పొద్దున్న ఉప్మాకి తాలింపు పెడితే పొగ అలారం మోగింది. ఇల్లంతా ఉలిక్కిపడి లేచింది, చిన్నపిల్ల ఏడుపు లంకించుకుంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత నేను పొయ్యి ముట్టుకోలేదు. నాలుగింటి నుంచి ఏడింటి దాకా చీకట్లో మంచం మీద కూర్చునేవాణ్ణి. ఆ మూడు గంటలు ఎంత పెద్దవో మా అబ్బాయికి ఎలా తెలుస్తుంది, వాడు నిద్రలో ఉంటాడు కదా.

ఇక్కడ నేను కాలనీ సంఘంలో లెక్కలు చూస్తాను. నీళ్లు రాకపోతే నాకే ఫోన్ చేస్తారు. ఇస్త్రీ అతను కూతురి ఫీజు గురించి నన్ను సలహా అడుగుతాడు. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగరు. "మీరు రెస్టు తీసుకోండి నాన్నా" అంటారు. ప్రేమతోనే అంటారు. రోజుకి ఇరవైసార్లు ఆ మాట వింటే మనిషికి తన అవసరం తీరిపోయిందనిపిస్తుంది. కారు లేకుండా గుమ్మం దాటలేం. నడిచి వెళ్లేంత దూరంలో ఒక కొట్టు లేదు, టీ తాగే చోటు లేదు.

ఇదంతా ఓర్చుకోగలిగినదే. అంతకుముందు విజిటర్ వీసా మీద రెండుసార్లు వెళ్లి నాలుగేసి నెలలు ఉండి వచ్చాను, అప్పుడేం కాలేదు. అదే ఇల్లు, అదే చలి, అదే అలారం. మరి ఈసారే ఎందుకు ఊపిరాడలేదని నాలో నేనే చాలా ఆలోచించాను. అప్పుడు నా సంచిలో తిరుగు టికెట్ ఉండేది. ఈసారి లేదు. మీ అన్నయ్య 2016 సంగతి చెప్పాడు చూడు, అదే ఇది. ఆ రోజు మీ నాన్నగారి పక్కన భార్య ఉంది, చేతిలో తిరుగు టికెట్ ఉంది, సఫిల్‌గూడలో తాళం వేసిన ఇల్లు ఉంది. ఈసారి మూడూ లేవు.

నా మాట మా అబ్బాయి ఎలా విన్నాడంటే, నేను వాణ్ణి నిందించడం మానేశాక విన్నాడు. "నీ దగ్గర బాగాలేదు" అన్నంతకాలం వాడు ఇంకో దుప్పటి, ఇంకో చానెల్ కొంటూ పోయాడు. "నాకు ఒక తేదీ చెప్పు, ఆ తేదీ దాకా సంతోషంగా ఉంటాను" అన్న రోజు వాడు కాలెండరు తీశాడు. మార్చి 12 అని రాశాడు. నమ్ముతావో లేదో, ఆ మిగిలిన ఏడు వారాలే నేను మనవరాలితో కడుపునిండా గడిపింది. దానికి ఎక్కాలు నేర్పాను. తెలుగులో పదమూడో ఎక్కం దాకా వచ్చు దానికిప్పుడు.

మీ నాన్నగారికి తేదీ చెప్పండి. దగ్గరదా, దూరందా అన్నది మీరూ అన్నయ్యా తేల్చుకోండి.

గాజులరామారం, నవంబరు 9, రాత్రి 9:20

మాస్టారి మాట చదివి కళ్లు చెమర్చాయి. అయినా నాది రెండో వైపు.

మా నాన్న కూడా ఇలాగే పట్టుపట్టి అమెరికా నుంచి వచ్చేశారు. కూకట్‌పల్లిలో ఒక్కరే ఉన్నారు. నేను అరగంట దూరంలో ఉండి, రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఒక రాత్రి స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. తలుపు లోపల గడియ వేసి ఉంది. పొద్దున్న పనిమనిషి వచ్చి పిలిచేదాకా ఎవరికీ తెలియదు. ఎనిమిది గంటలు చల్లటి గచ్చు మీద ఉన్నారు.

ఆయన్ని రానివ్వడం తప్పని నేననను. ఏ ఏర్పాటూ లేకుండా రానివ్వడం నా తప్పు. తీసుకొస్తే స్నానాల గదికి పట్టుకునే కమ్మీలు వేయించండి, జారని పలకలు పరిపించండి, లోపలి గడియ తీయించండి, ఒక తాళంచెవి పైవాటా వాళ్ల దగ్గర పెట్టండి. రాత్రి పడుకునే మనిషిని చూడండి. ఇవి అయ్యాకే టికెట్. వీటికి నెలకి మించి పట్టదు.

గోరింట (వైద్యురాలు, సికింద్రాబాద్), నవంబరు 10, ఉదయం 7:00

మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పకూడదు, అందుకే మీ అన్నయ్య గమనించాల్సినవి మాత్రం చెబుతాను. నాన్నగారు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు? ప్యాంటు వదులయిందా? పేపరు, పాటలు, పూజ, ఆయనకి ఇష్టమైనవాటిలో దేన్నైనా పూర్తిగా వదిలేశారా? బీపీ, షుగరు మాత్రలు ఇక్కడి నుంచి ఎన్ని నెలలకి తీసుకెళ్లారు? అయిపోతే చెప్పకుండా మానేసే పెద్దవాళ్లని చాలామందిని చూశాను, పిల్లలకి ఖర్చని.

భార్య పోయిన దుఃఖం ఊరు మారినప్పుడు మళ్లీ పైకి వస్తుంది. దిగులు పెరిగి జబ్బుగా మారిందా అన్నది అక్కడి డాక్టరు పదిహేను నిమిషాల్లో పసిగట్టగలరు. థైరాయిడ్, బి12 కూడా చూడమనండి, అవి తగ్గినా మనిషి ఇలాగే డీలాపడతాడు. వినికిడి తగ్గినవాళ్లు కొత్త ఇంట్లో మరీ ఒంటరవుతారు, అదొకటి.

"బతికి ఏం లాభం" లాంటి మాట వస్తే మాత్రం ఒక్క రోజు ఆగొద్దు. ఇలాంటి వేళ సాయానికి అమెరికాలో 988 నంబరు ఉంది. ఇక్కడ టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటుంది.

తూర్పుతీరం, నవంబరు 10, ఉదయం 8:30

మాస్టారూ, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. మా అమ్మ నాలుగింటికి లేచి ఏం చేస్తుందో ఇన్నేళ్లలో నేనెప్పుడూ అడగలేదు. రేపు అడుగుతాను.

మొదటి రోజు నేను కాస్త గట్టిగా రాశాను, మల్లెపందిరి గారు ఏమీ అనుకోవద్దు.

మల్లెపందిరి, నవంబరు 12, రాత్రి 11:10

నిన్న నాన్నతో గంటన్నర మాట్లాడాను. వచ్చేస్తారా, ఉంటారా అని అడగలేదు. రోజంతా ఏం చేస్తున్నారో మొదటి నుంచి చెప్పమన్నాను.

రెండున్నరకే మెలకువ వస్తోందట. ఆ వేళకి ఇక్కడ మధ్యాహ్నం రెండు, నేను ఆఫీసులో ఉంటానని ఫోన్ చెయ్యరు. చలికి మూడు రోజులుగా బయటికి వెళ్లలేదు. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ ఈ నవంబరులో ఇవ్వాలి కదా, అది ఏమవుతుందోనని లోపల గుబులు. బ్యాంకు ఓటీపీలు ఇక్కడి సిమ్‌కి వస్తాయి, ఆ సిమ్ పనిచేయడం లేదు. ఛాతీలో ఏదైనా పట్టేస్తే ఏ ఆసుపత్రికి వెళ్లాలో తెలియదు. లాలాగూడ రైల్వే ఆసుపత్రిలో కార్డు చూపిస్తే చాలు, అక్కడ అన్నీ తెలుసు ఆయనకి. ఇవన్నీ కొడుకుని అడిగితే "అబ్బాయి ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తాడమ్మా" అన్నారు.

ఆఖరున అమ్మ తద్దినం గురించి చెప్పారు. పెట్టేది అన్నయ్యే కాబట్టి అన్నయ్య ఎక్కడుంటే అక్కడే అని ఆయనకి తెలుసు. "కానీ అమ్మ ఆ ఇంటికి వస్తుంది కదే, అక్కడ ఎవరో ఉన్నారు" అన్నారు. నాకు మాట రాలేదు.

ఇంకోమాటా అన్నారు. "నేను చూసి పోదామని వచ్చాను, మీరు ఉండిపోవడానికి పిలిచారు. ఆ సంగతి విమానం ఎక్కాక గానీ నాకు అర్థం కాలేదు." ముంబై ఇంటర్వ్యూలో పక్కనే కూర్చున్నదాన్ని, నాన్నా మీకు ఇష్టమేనా అని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

మాస్టారు గారు రాసింది ఉన్నదున్నట్టు అన్నయ్యకి పంపాను. ఇంకా జవాబు రాలేదు.

కాగితాల మనిషి, నవంబరు 13, ఉదయం 7:40

లైఫ్ సర్టిఫికెట్‌కి కంగారు వద్దు. పెన్షనర్లకి హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్ ఇస్తుంది. ముందు పెన్షన్ వచ్చే బ్యాంకు శాఖకి ఫోన్ చేసి వాళ్లకి ఏ నమూనా కావాలో అడగండి. ఇండియా సిమ్‌కి అంతర్జాతీయ రోమింగ్ వేయిస్తే ఓటీపీలు వస్తాయి. ఆ పని అక్కడి నుంచి మీరే చేయగలరు.

ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి దగ్గరే అనుకుంటాను, వారం మధ్యలో కూడా మన పెద్దవాళ్లు వస్తుంటారు. మా ఊళ్లో తెలుగు సంఘం టాంటెక్స్ ప్రతినెలా సాహిత్య సభ పెడుతుంది, పద్యాలు చదివే పెద్దాయనలు చాలామంది. నాన్నగారికి ఆసక్తి ఉంటే ఈ నెల నేనే కారులో తీసుకెళ్తాను. ఇక్కడి నుంచి ఎంతో దూరం కాదు.

హన్మకొండ కోడలు, నవంబరు 13, ఉదయం 9:15

అక్కా, ఆ కుర్చీ ముందుగాల్ల వాపస్ తెచ్చుకో.

మల్లెపందిరి, డిసెంబరు 14, రాత్రి 9:50

నెల దాటింది, జరిగింది చెప్పాలి.

అన్నయ్య ఆ రాత్రే ఫోన్ చేశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు నాన్న దగ్గర కూర్చుని కాలెండరు తీశాడట. ఫిబ్రవరి మొదటి వారం అని రాశారు. ఐ-131 వేశారు, వేలిముద్రలు మొన్న అయ్యాయి. లాయరుతో మాట్లాడాక కార్డు ఇప్పుడే తిరిగి ఇవ్వొద్దని నిర్ణయించుకున్నారు. రెండేళ్లు చూద్దాం, పన్ను లెక్కలు అన్నయ్య చూసుకుంటాడు. బీమా ప్లాన్ గడువు లోపలే తీసుకున్నాడు. డాక్టరు చూశారు, బి12 బాగా తగ్గింది, ఇంజెక్షన్లు ఇస్తున్నారు. కాగితాల మనిషి గారు చెప్పిన మాట ప్రకారం వచ్చి నాన్నని సభకి తీసుకెళ్లారు. మీ ఋణం తీర్చుకోలేను.

అమ్మ తద్దినం ఫ్రిస్కోలోనే పెట్టారు. పురోహితుడు గారు ఇంటికే వచ్చారు. అమ్మకి ఇష్టమైనవి ఏవో, ఎలా చెయ్యాలో నాన్న పక్కన నిలబడి వదినకి చెప్పారట, కొన్ని ఆయనే చేశారట. అలారం మోగకుండా అన్నయ్య కిటికీలన్నీ తీసి, చలిలో తువ్వాలుతో విసురుతూ నిలబడ్డాడట. ఇది చెబుతూ నాన్న నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

ఆయన పూర్తిగా మారిపోయారని చెప్పను. నిన్న కూడా "ఇంకా యాభై రోజులు" అన్నారు. లెక్క పెడుతూనే ఉన్నారు. అన్నయ్యకీ లోపల ముల్లు అలాగే ఉంది, నాతో మాట్లాడేటప్పుడు తెలుస్తుంది.

కింది వాటా వాళ్లతో మాట్లాడాను, సంక్రాంతికి ఖాళీ చేస్తామన్నారు. అడ్వాన్సుతో పాటు ఒక నెల అద్దె వదిలేశాను. స్నానాల గదికి కమ్మీలు పెట్టించడానికి మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకున్నాడు. కుర్చీ తెచ్చుకున్నాను, ఒక చెయ్యి వదులైంది, వడ్రంగికి ఇచ్చాను.

ఇక కావలసింది సఫిల్‌గూడ, ఆర్‌కే పురం వైపు పూటకి వచ్చి వంట చేసి వెళ్లే మనిషి, రాత్రి తోడు పడుకునే ఒక కుర్రాడు. ఎవరైనా తెలిస్తే చెప్పండి.

హన్మకొండ కోడలు, డిసెంబరు 15, ఉదయం 6:05

మా ఇంట్ల పనిచేసే ఆమె చెల్లె ఆనంద్‌బాగ్ల ఉంటది, వంట మస్తు చేస్తది. పప్పుచారు ఎట్ల పెడ్తదో ముందు ఒకపూట తిని చూడు. నంబర్ నీకు పంపిన.